కరెంటు ఎక్కడ కారిపోతోంది: మీటరు దగ్గర మొదలుపెట్టి డాబా దాకా

ఎండాకాలం బిల్లు చేతికి రాగానే చాలా ఇళ్లలో మొదటి అనుమానం మీటరు మీదికి పోతుంది, రెండోది ఏసీ మీదికి. రెండూ నిజం కావచ్చు, రెండూ కాకపోవచ్చు. కొలవకుండా తేలదు. ఫైవ్ స్టార్ ఫ్రిజ్ కొందామా, ఏసీ మారుద్దామా అని షాపులకు తిరిగే ముందు ఒక ఆదివారం పొద్దున రెండు గంటలు మీటరు దగ్గర గడపండి. పెన్ను, కాగితం, ఫోన్లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. కొత్తగా ఏదీ కొనక్కర్లేదు.

ఎర్ర లైటు లెక్క

ఇప్పుడున్న ఎలక్ట్రానిక్ మీటర్లన్నిటికీ ముందు భాగంలో టిక్కు టిక్కుమంటూ వెలిగే చిన్న ఎర్ర లైటు ఉంటుంది. దాని పక్కనో కిందో 3200 అనో, 1600 అనో, 6400 అనో అంకె వేసి, పక్కన ‘ఇంప్’ అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఒక యూనిట్ తిరిగేలోపు ఆ లైటు అన్నిసార్లు వెలుగుతుందని దానర్థం.

లెక్క ఇలా: లైటు వెలగగానే స్టాప్‌వాచ్ నొక్కి, అక్కడి నుంచి 10 సార్లు వెలిగేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. మీటరు మీద 3200 ఉంటే 11,250ని ఆ సెకన్లతో భాగించండి. 1600 ఉంటే 22,500ని, 6400 ఉంటే 5,625ని భాగించండి. వచ్చేది ఆ నిమిషాన మీ ఇల్లు లాగుతున్న వాట్లు. ఉదాహరణకు 3200 మీటరులో 10 మెరుపులకు 75 సెకన్లు పడితే 150 వాట్లు.

ఈ ఒక్క లెక్క చేతికొస్తే ఇంట్లో ఏ వస్తువు ఎంత లాగుతోందో తేల్చుకోవచ్చు. అన్నీ అలాగే ఉంచి ఒక్క ఫ్యాన్ వేయండి, మళ్లీ కొలవండి. పెరిగినంతా ఆ ఫ్యాన్‌దే. మధ్యలో ఫ్రిజ్ కంప్రెసర్ ఆన్ అయితే లెక్క తప్పుతుంది కాబట్టి కొలిచేంతసేపు ఫ్రిజ్ స్విచ్ ఆపేయండి.

ఇక మూడు పరీక్షలు, ఇదే వరసలో చేయాలి.

మొదటిది, మెయిన్ స్విచ్ ఆపేసి అయిదు నిమిషాలు మీటరు చూడండి. లైటు ఒక్కసారి కూడా వెలగకూడదు. వెలిగిందంటే మీటరుకీ మీ మెయిన్‌కీ మధ్య ఎక్కడో తీగ తగిలించి ఉంది, లేదా మీటరులోనే లోపం ఉంది. అపార్ట్‌మెంట్లలో కింద సెల్లార్‌లో మీటర్లుంటాయి కాబట్టి అక్కడి నుంచి ఎవరి ఫ్లాటుకు ఏ తీగ పోతోందో కలగాపులగం అయ్యే అవకాశం ఎక్కువ. మీ మెయిన్ ఆపితే మీ మీటరే ఆగిందా, పక్కవాళ్లదా అన్నది కూడా అప్పుడే చూసుకోండి. తేడా కనిపిస్తే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఫీజు కట్టి మీటరు టెస్టింగ్ కోరవచ్చు. మీటరు సీలును మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు.

రెండోది, మెయిన్ వేసి, ఎంసీబీలన్నీ (బోర్డులో ఒక్కో లైనుకు ఉండే చిన్న స్విచ్‌లు) వేసి, గోడ స్విచ్‌లన్నీ ఆపేసి, ప్లగ్గులు ఊడదీసి చూడండి. ఇన్వర్టర్‌ను కూడా మర్చిపోకుండా తీసేయాలి. ఇప్పుడూ లైటు వెలగకూడదు. వెలిగితే లీకేజీ ఉన్నట్టే, అంటే కరెంటు తీగ దాటి గోడలోకో నేలలోకో కారిపోతోంది. దాని సంగతి తర్వాతి భాగంలో చూద్దాం.

మూడోది, రాత్రి అందరూ పడుకోబోయే ముందు లైట్లు, ఫ్యాన్లు, ఏసీ ఆపేసి కొలవండి. ఫ్రిజ్ ఆపేసిన తర్వాత కూడా 20 వాట్లు దాటి ఉంటే 24 గంటలూ మీకు తెలియకుండా తినేవి ఉన్నాయి. 50 వాట్లు రోజంతా లాగితే నెలకు 36 యూనిట్లు. అంకె చూడటానికి చిన్నదే, కానీ ఆగకుండా తింటుంది.

అన్నీ ఆపినా లైటు వెలుగుతుంటే

ఎంసీబీలన్నీ దించేసి ఒక్కొక్కటే పైకి వేస్తూ పోండి. ఏది వేసినప్పుడు మీటరు కదిలిందో లీకేజీ ఆ లైన్లో ఉంది. మన ఇళ్లలో ఇది ఎక్కువగా దొరికేది నాలుగు చోట్ల: గీజరు ఎలిమెంటు, బోరు మోటారు కేబుల్ జాయింటు, వానకు తడిసిన గోడలోని పాత పైపు వైరింగు, బాత్రూమ్ బయట తేమ పట్టిన స్విచ్‌బోర్డు. వర్షాకాలంలో ఉండి ఎండాకాలంలో మాయమైతే గోడ తేమే కారణం.

తటస్థ తీగ, అంటే న్యూట్రల్, పక్క పోర్షన్ న్యూట్రల్‌తో కలిసిపోవడం మరో తలనొప్పి. ఒకే ఇంటిని రెండు మూడు పోర్షన్లుగా చేసి విడివిడి మీటర్లు పెట్టించిన చోట ఇది చాలా మామూలు. ఇప్పటి మీటర్లు ఫేజ్‌లో పోయే కరెంటును, న్యూట్రల్‌లో వచ్చే కరెంటును రెండింటినీ చూసి, ఏది ఎక్కువైతే దాని మీద యూనిట్లు వేస్తాయి. దొంగతనం పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటిది. పక్కింటి న్యూట్రల్ మీ మీటరు గుండా పోతుంటే వాళ్లు వాడుకున్నది మీ బిల్లులో కలుస్తుంది. చాలా మీటర్ల మీద ‘ఎర్త్’ అనో ‘ఈఎల్’ అనో ఉన్న లైటు ఎప్పుడూ వెలుగుతూ ఉండటం దీనికి గుర్తు. ఎలక్ట్రీషియన్‌తో బోర్డు విప్పించి న్యూట్రళ్లను విడదీయించాలి. మనంతట మనం చేసే పని కాదు.

డిస్ట్రిబ్యూషన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. కరెంటు నేలలోకి లీకైతే లైనును దానంతటదే ఆపేసే స్విచ్ ఇది. దీన్ని ప్రాణరక్షణ కోసం అంటారు, అది నిజమే. దానితోపాటు లీకేజీని దాచిపెట్టనివ్వదు కూడా. ఆర్‌సీసీబీ లేని ఇంట్లో 200 మిల్లీ ఆంపియర్లు నేలలోకి పోతున్నా ఎవరికీ తెలియదు. అది 46 వాట్లు, నెలకు 33 యూనిట్లు. ఆర్‌సీసీబీ పెట్టించగానే మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తీయించేసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. అది పడిపోతోందంటే ఇంట్లో ఎక్కడో ఎవరికో షాక్ కొట్టడానికి సిద్ధంగా ఉందని.

ఇదే సమయంలో ప్లగ్గులు కూడా చూడండి. ఏసీ, గీజరు అరగంట నడిచాక స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి పిన్నుల దగ్గర ప్లాస్టిక్ తాకండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, సాకెట్ చుట్టూ గోధుమరంగు మచ్చ ఉన్నా లోపల స్క్రూ వదులైంది. అక్కడ కరెంటు వేడిగా మారి వృథా అవడం చిన్న సంగతి, అగ్గి పుట్టడం పెద్ద సంగతి. ఏసీకీ గీజరుకీ 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో వేరే లైను ఉండాలి. లైట్ల కోసం వేసిన 1.5 తీగ మీద వీటిని నడపకూడదు.

రాత్రంతా తినేవి

ఫోన్ ఛార్జర్ సాకెట్‌లో వదిలేస్తే కరెంటు పోతుందని ఇంట్లో గొడవపడేవాళ్లు చాలామంది. ఖాళీ ఛార్జర్ లాగేది అర వాటు కూడా ఉండదు. దాన్ని వదిలేసి అసలు దొంగలను చూడండి.

సెట్‌టాప్ బాక్స్‌ను రిమోట్‌తో ఆపినా 8 నుంచి 15 వాట్లు లాగుతూనే ఉంటుంది. 10 వాట్లనుకున్నా నెలకు 7 యూనిట్లు. టీవీ వెనక బోర్డుకు స్విచ్ ఉంటే రాత్రి దాన్నే ఆపాలి. వైఫై రౌటర్ కూడా దాదాపు అంతే. అవసరమైతే ఉంచండి, ఊరికి వెళ్తే ఆపండి. ఏసీ స్టెబిలైజర్‌ను ఏడాది పొడుగునా వెలగనిస్తారు. దీపావళి తర్వాత హోలీ దాకా ఏసీ ఎంసీబీ దించేస్తే ఖర్చు లేకుండా అయిదారు యూనిట్లు నెలనెలా మిగులుతాయి.

ఇన్వర్టర్ బ్యాటరీ మీద మాత్రం ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి. ఒక రోజంతా కరెంటు పోని తర్వాత బ్యాటరీ నిండి ఉంటుంది, అప్పుడు ఇన్వర్టర్ ఎక్కువ లాగకూడదు. అలాంటి రోజు చూసి, ఇన్వర్టర్ ప్లగ్గు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి మీటరు కొలవండి. ఇన్వర్టర్ మీద నడిచే లైట్లు, ఫ్యాన్లు ఆపేసి ఉండాలి. తేడా 15, 20 వాట్లుంటే మామూలే. 50 దాటితే బ్యాటరీ ఆయువు అయిపోవచ్చింది. నింపుతున్న కరెంటు లోపల నిలవక వేడిగా మారి పోతోంది. చేత్తో చూస్తే బ్యాటరీ పక్కలు వెచ్చగా ఉంటాయి. రెండు మూడు నెలలకోసారి పోయాల్సిన డిస్టిల్డ్ వాటర్ పదిహేను రోజులకే అడుగంటుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ నాలుగైదేళ్లు దాటితే ఈ పరీక్ష తప్పనిసరి. కరెంటు పోయినప్పుడు గంట నడుస్తోంది కదా అని పాత బ్యాటరీని లాగిస్తే బిల్లు రూపంలో దాని ఖరీదు కడుతున్నట్టే.

ఫ్యాన్లు

పాత 1200 మిల్లీమీటర్ల సీలింగ్ ఫ్యాన్ అయిదో నంబరు మీద 70 నుంచి 80 వాట్లు లాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్నది) అదే గాలికి 28 నుంచి 35 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాన్‌ను మారిస్తే నెలకు 20 యూనిట్లు తగ్గుతాయి. హాల్లోదీ పడకగదిలోదీ మార్చండి. దేవుడి గదిలోనో చుట్టాలొచ్చినప్పుడే వాడే గదిలోనో ఉన్న ఫ్యాన్ మార్చడం దండగ. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది, కాబట్టి కొనేటప్పుడు లేబుల్ మీద వాట్లు, గాలి అంకె రెండూ చూడాలి. వాట్లు తక్కువై గాలి కూడా తక్కువైతే మీరు దాన్ని ఎప్పుడూ ఫుల్ స్పీడులోనే తిప్పుతారు.

బీఎల్‌డీసీ ఫ్యాన్ బిగించేటప్పుడు గోడ మీది పాత రెగ్యులేటర్‌ను లైన్లోంచి తప్పించాలి. అలా చేయకుండా రెగ్యులేటర్ మూడులో పెట్టి రిమోట్‌తో నడిపితే ఫ్యాన్ లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు. వారంటీ కూడా వర్తించదు. కొత్త ఫ్యాన్ నెల తిరక్కుండా చెడిపోయిన చోట ముందు చూడాల్సింది ఇదే.

కొత్తది కొనే స్తోమత ఇప్పుడు లేకపోతే పాతదాన్నే బాగు చేయవచ్చు. అయిదులో పెట్టినా నెమ్మదిగా తిరుగుతోందంటే సాధారణంగా కండెన్సర్ బలహీనపడింది. మామూలు ఫ్యాన్‌కు 2.5 మైక్రోఫారడ్‌ది పడుతుంది. పాతదాని మీద రాసిన విలువే కొత్తదీ ఉండాలి. ఎక్కువ విలువది వేస్తే వేగం పెరుగుతుందని కొందరు 4 వేస్తారు, దానివల్ల వైండింగ్ వేడెక్కుతుంది. చెయ్యి పెడితే వేడిగా తగిలే పెద్ద డబ్బా రెగ్యులేటర్ ఇంకా ఉంటే తీసి ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ పెట్టండి. పాతది ఫ్యాన్ వేగం తగ్గించినప్పుడు మిగిలిన కరెంటును వేడిగా వదిలేస్తుంది.

డాబా మీద పడే ఎండ

చివరి అంతస్తులో ఉండేవాళ్లకు అన్నిటికంటే పెద్ద నష్టం ఇక్కడే. బిల్లులో ఇది ఏసీ పేరుతోనో కూలర్ పేరుతోనో కనిపిస్తుంది కాబట్టి చాలామంది పట్టించుకోరు.

మన స్లాబ్ నాలుగు నుంచి అయిదు అంగుళాల కాంక్రీటు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండను పీల్చుకుంటుంది. ఆ వేడి కింది వైపుకు చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నం రెండింటికి కంటే రాత్రి ఎనిమిదికి గది ఎక్కువ ఉడుకుతుంది. బయట గాలి చల్లబడినా ఇంట్లో సెగ తగ్గదు. ఏసీ ఆ సమయంలో చల్లబరుస్తున్నది గదిలో గాలిని మాత్రమే కాదు, తల మీద ఉన్న కాంక్రీటు దిమ్మను.

పరీక్ష చాలా సులువు. ఎండాకాలం రాత్రి ఎనిమిదికి స్టూలెక్కి అరచెయ్యి సీలింగ్‌కు ఆనించండి, వెంటనే లోపలి గోడకు ఆనించండి. సీలింగ్ స్పష్టంగా వేడిగా తగిలితే డాబాకు తెల్ల పూత వేయాల్సిందే. వేసవి రాకముందే, ఫిబ్రవరి నెలలోనో మార్చి మొదట్లోనో ఈ పని పూర్తి చేయాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది కూడా ఈ లెక్క తెలిసే. మంచి తెల్లపూత కొత్తలో మీద పడే ఎండలో మూడు వంతులు వెనక్కి పంపేస్తుంది. నల్లబడిన పాత కాంక్రీటు అంతకు అంత మింగుతుంది. గది లోపల సాధారణంగా 2 నుంచి 4 డిగ్రీల తేడా వస్తుంది.

వేసే పద్ధతి:

1. డాబా మీద కుండీలు, పాత సామాను తీసేసి, వైర్ బ్రష్‌తో నాచు, ఊడిపోయే పెచ్చులు గీకాలి. నల్లటి నాచు ఉన్న చోట బ్లీచింగ్ పొడి నీళ్లలో కలిపి చల్లి, గంట తర్వాత రుద్ది కడగాలి.

2. పగుళ్లను క్రాక్ ఫిల్లర్‌తో పూడ్చాలి. వెంట్రుక మందం పగుళ్లను కూడా వదలకండి. పూత వేశాక వాటిలోంచి నీళ్లు దిగితే పూత పొరలుపొరలుగా లేస్తుంది. నీళ్లు నిలిచే గుంతలుంటే ఇప్పుడే వాలు సరిచేయించాలి.

3. కూల్ రూఫ్ పెయింటు వేస్తే స్లాబ్ పూర్తిగా ఆరి ఉండాలి, కడిగాక రెండు ఎండలు తగలాలి. మొదట ప్రైమర్, ఆ పైన రెండు కోట్లు. ఒక కోటు తూర్పు పడమరలుగా లాగితే రెండోది ఉత్తర దక్షిణాలుగా లాగాలి. రెండు కోట్లకు లీటరుకు సుమారు 20 నుంచి 30 చదరపు అడుగులు వస్తాయి. 600 అడుగుల డాబాకు 20 లీటర్ల డబ్బా తక్కువ పడవచ్చు. నీళ్లు ఎక్కువ కలిపి సాగదీస్తే తెలుపు మిగలదు.

4. పొద్దున తొమ్మిదిలోపు లేదా సాయంత్రం నాలుగు దాటాక వేయండి. మండుటెండలో వేస్తే పై పొర ఆరిపోయి కింద పట్టదు.

5. పిట్టగోడ లోపలి వైపు, ట్యాంకు మీద కూడా ఒక కోటు లాగండి. నల్ల ప్లాస్టిక్ ట్యాంకు తెల్లబడితే మధ్యాహ్నం కుళాయిలో సలసల కాగే నీళ్లు రావు.

ఖర్చు తగ్గించుకోవాలంటే సున్నం కూడా బాగా పని చేస్తుంది. దీనికి పద్ధతి తిరగేయాలి: స్లాబ్‌ను తడిపి, తడి మీదే వేయాలి. రాత్రి నానబెట్టిన సున్నాన్ని గుడ్డతో వడగట్టి, చిక్కటి మజ్జిగలా చేసి, పెయింటు షాపులో దొరికే జిగురు కలిపి మూడు కోట్లు వేయండి. రాతి సున్నం నీళ్లు తగలగానే పొంగి మరుగుతుంది, కళ్లలో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా కలపకండి. సున్నం ఒక వానాకాలానికి కొట్టుకుపోతుంది, ఏటా వేసుకోవాలి. మంచి పెయింటు మూడు నాలుగేళ్లు నిలుస్తుంది, కానీ దుమ్ము పేరుకుంటే పనితనం పడిపోతుంది. ఏటా వేసవి ముందు చీపురుతో రుద్ది కడగాలి.

ఇల్లు కొత్తగా కట్టేవాళ్లయితే తెల్ల టైల్స్ ముక్కల పరుపు వేయించుకోవడం మేలు. అద్దెకుండేవాళ్లు ఓనరును ఒప్పించలేకపోతే పడకగది పైన మాత్రం గ్రీన్ నెట్ కట్టుకోవచ్చు. నెట్ స్లాబ్‌ను ఆనకుండా కనీసం మూడడుగుల ఎత్తున ఉండాలి, మధ్యలో గాలి ఆడాలి. నేరుగా పరిస్తే నెట్ వేడెక్కి ఆ వేడి స్లాబ్‌కే ఎక్కుతుంది. రేకుల ఇంటికి తెల్లపూత ఇంకా ఎక్కువ అవసరం, రేకు వేడి ఆలస్యం లేకుండా నెత్తిన పడుతుంది.

గోడల్లో పడమటి గోడ, పడమటి కిటికీ ముఖ్యం. లోపల పరదా వేస్తే ఎండ అప్పటికే అద్దం దాటి గదిలోకి వచ్చేసింది. బయటి వైపు వెదురు తడికో, షేడ్ నెట్టో కడితే అంతకంటే బాగా ఆపుతుంది. వట్టివేళ్ల తడికె తడుపుతూ కట్టుకునేది తెలంగాణ, రాయలసీమల పొడి ఎండకు దివ్యంగా పనికొస్తుంది. విశాఖ, కాకినాడ వైపు ఉక్కపోతలో దానివల్ల చెమట పెరగడమే మిగులుతుంది. కూలర్ సంగతీ ఇంతే.

ఏసీ గది

ఏసీ ఎంత మంచిదైనా చల్లగాలి బయటికి పోతుంటే కంప్రెసర్‌కు విశ్రాంతి ఉండదు. సాయంత్రం గదిలో లైటు ఆపి, బయట హాల్లో లైటు వేసి తలుపు మూయండి. తలుపు కింద, పక్కల ఎక్కడెక్కడ వెలుతురు కనిపిస్తుందో అక్కడల్లా గాలి పోతుంది. తలుపు కింద అంగుళం ఖాళీ ఉంటే రబ్బరు డోర్ సీల్ బిగించండి. స్లైడింగ్ కిటికీల పట్టాల మధ్య బ్రష్ పట్టీ పోయి ఉంటే కొత్తది వేయించండి. పాత ఇళ్లలో తలుపు పైన ఉండే వెంటిలేటరుకు అక్రిలిక్ షీటు కొలతకు కోయించి అమర్చాలి. స్ప్లిట్ ఏసీ పైపులు గోడలోంచి బయటికి పోయే చోట ఉన్న రంధ్రాన్ని అందరూ మర్చిపోతారు. దాన్ని పుట్టీతోనో ఫోమ్‌తోనో మూయాలి, బల్లులూ రావు.

అవుట్‌డోర్ యూనిట్ వదిలే వేడి గాలి తిరిగి అదే పీల్చుకోకూడదు. ముందు కనీసం మూడడుగులు ఖాళీ ఉండాలి. అద్దాలు బిగించిన బాల్కనీలో పెట్టినా, రెండు యూనిట్లు ఎదురెదురుగా పెట్టినా ఎక్కువ కరెంటు తిని తక్కువ చల్లబరుస్తుంది.

వేసవిలో ఫిల్టరు రెండు వారాలకోసారి కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టాలి. ఆ తర్వాత పదిహేను నిమిషాలు నడిపి, గది వేడి చూసే థర్మామీటరుతో (జ్వరం చూసేది కాదు) ఏసీ పైన పీల్చే గాలినీ, కింద వదిలే గాలినీ కొలవండి. తేడా 8 నుంచి 12 డిగ్రీలుండాలి. తక్కువుంటే కాయిల్‌లో మురికి ఉంది, లేదా గ్యాస్ తగ్గింది. అవుట్‌డోర్ యూనిట్ దగ్గర రాగి పైపుల నట్ల చుట్టూ నూనె జిడ్డు ఉంటే లీకు అక్కడే. లీకు మూయకుండా ఏటా గ్యాస్ నింపించుకోవడం అనవసరపు ఖర్చు, ముందు లీకు పట్టమని మెకానిక్‌ను గట్టిగా అడగండి.

2020 నుంచి అమ్మే స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవుతాయి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. 26లో పెట్టి ఫ్యాన్ రెండులో తిప్పుకుంటే 24లో ఉన్నంత హాయి ఉంటుంది. గది త్వరగా చల్లబడుతుందని 18లో పెట్టడం అపోహ. వేగం పెద్దగా మారదు, ఆపడం మర్చిపోతే మాత్రం దుప్పటి కప్పుకుని కరెంటు కాలుస్తాం.

ఫ్రిజ్

స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. 365తో భాగిస్తే రోజువారీ అంకె. ఊరెళ్లేటప్పుడు ఫ్రిజ్ ఒక్కటే ఉంచి, మీటరు రీడింగు ఫొటో తీసుకుని వెళ్లండి. తిరిగొచ్చాక రోజుకు ఎంత తిన్నదో తేలిపోతుంది. ఎండాకాలం కొంత ఎక్కువే ఉంటుంది, కానీ రెట్టింపు ఉంటే లోపం ఉంది.

మొదట తలుపు రబ్బరు. పది రూపాయల నోటు సగం లోపల, సగం బయట ఉండేలా పెట్టి తలుపు మూసి లాగండి. బిగువు తగలకుండా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు పట్టడం లేదు. నాలుగు పక్కలా, ముఖ్యంగా కింది మూలల్లో చూడండి. చాలాసార్లు కారణం మురికి. సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లతో మడతల లోపల తుడిచి, వంకర పోయిన చోట వేడినీళ్లలో ముంచిన గుడ్డ కాసేపు అదిమి పట్టి సరిచేయండి. అప్పటికీ పట్టకపోతే ఆ మోడల్ రబ్బరు మార్పించాలి.

గోడకు ఆనించి పెట్టకండి, వెనక అర అడుగు వదలండి. డైరెక్ట్ కూల్ ఫ్రిజ్‌లో (మంచు దానంతటదే కరగని రకం) మంచు అర సెంటీమీటరు పేరుకోగానే కరిగించాలి. చాకుతో గీకితే గ్యాస్ పైపు తెగుతుంది. లోపలి నాబ్ మీద అంకెలు డిగ్రీలు కావు, అంకె పెరిగే కొద్దీ చల్లదనం పెరుగుతుంది. చలికాలంలో తగ్గించడం చాలామందికి గుర్తుండదు.

మోటారు, గీజరు, పొయ్యి

ట్యాంకు నిండి డాబా మీద నీళ్లు పారితే అవి కరెంటు పోసి ఎత్తిన నీళ్లు. ఒక హార్స్‌పవర్ మోటారు గంటకు యూనిట్‌కు కాస్త పైనే లాగుతుంది. ఫ్లోట్ స్విచ్‌తో ఆటో కట్ పెట్టించుకోండి. అంతకంటే ముఖ్యం, ఖాళీ ట్యాంకు నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ఇవాళ రాసి పెట్టుకోండి. 1000 లీటర్లు 40 నిమిషాల్లో నిండేది గంట పడుతుంటే ఇంపెల్లర్ (నీళ్లను తోసే చక్రం) అరిగింది, లేదా లోపల పైపు జాయింటు కారుతోంది, లేదా బోరులో నీటిమట్టం పడిపోయింది. మోటారు ఆపగానే పైపులో నీళ్లు గర్రుమని వెనక్కి పోతే నాన్ రిటర్న్ వాల్వ్ పోయింది. సంపు మోటారుకు ప్రతిసారీ నీళ్లు పోయాల్సి వస్తుంటే ఫుట్‌వాల్వ్ కింద చెత్త ఇరుక్కుంది.

గీజరులో 25 లీటర్లను 25 డిగ్రీల నుంచి 60కి కాచడానికి ఒక యూనిట్ పడుతుంది. స్నానానికి కావలసింది 40 డిగ్రీలే. థర్మోస్టాట్‌ను 50 దగ్గర పెట్టి, స్నానానికి పావుగంట ముందు వేసి, తర్వాత ఆపండి. బోరు ఉప్పునీళ్ల ప్రాంతాల్లో ఎలిమెంటుకు సున్నపు పొర కట్టి నీళ్లు కాగడం ఆలస్యమవుతుంది. కాచేటప్పుడు లోపల పటపటమని చప్పుడు రావడం దీనికి గుర్తు. ఏడాదికోసారి విప్పించి పొర తీయించి, మెగ్నీషియం కడ్డీ అరిగిపోయి ఉంటే మార్పించండి.

గ్యాస్ మంట పసుపుగా ఉండి గిన్నెలకు మసి పడుతుంటే గ్యాస్ పూర్తిగా మండటం లేదు. బర్నరును వేడినీళ్లలో నానబెట్టి, సూదితో రంధ్రాలు శుభ్రం చేసి, పూర్తిగా ఆరాకే పెట్టండి. మంట గిన్నె అంచు దాటకూడదు. కుక్కర్ మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టేస్తే పప్పు అంతే ఉడుకుతుంది.

ఎన్ని యూనిట్లు తగ్గితే ఎంత మిగులుతుంది

మిగిలేది సగటు రేటు కాదు, మీ బిల్లులో అన్నిటికంటే పై శ్లాబు రేటు. 2022లో వచ్చిన రేట్ల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 226 నుంచి 400 యూనిట్ల మధ్య యూనిట్‌కు 8 రూపాయల 75 పైసలు. నెలకు 300 వాడే ఇల్లు 250కి దిగితే ఆ 50 యూనిట్ల మీద 437 రూపాయలు మిగులుతాయి.

తెలంగాణలో 200 దగ్గర పెద్ద మెట్టుంది. అదే ఏడాది రేట్లలో 200 యూనిట్ల దాకా మొదటి వందకు 3.40, తర్వాతి వందకు 4.80, మొత్తం 820 రూపాయలు. 201 అయితే మొదటి 200కే యూనిట్‌కు 5.10 చొప్పున 1,020 రూపాయలు అవుతుంది. ఒక్క యూనిట్‌తో 200 రూపాయల పైన పెరిగింది. 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకం కింద ఉన్న ఇళ్లకైతే 200 దాటిన నెల జీరో బిల్లే ఉండదు. రీడింగు తేదీకి వారం ముందు ఒకసారి మీటరు చూసుకోవడం అందుకే మంచిది.

చేసిన పనులు ఫలితమిచ్చాయో లేదో చూడటానికి బిల్లులోని రూపాయలు పనికిరావు, సర్దుబాటు ఛార్జీలు కలిసి ఉంటాయి. యూనిట్లను బిల్లు మీద ఉన్న రోజులతో భాగించి, పోయిన ఏడాది అదే నెలతో పోల్చండి. ఏప్రిల్‌ను జనవరితో పోల్చితే ఏమీ తెలియదు. ఒక నెలలో ఒకటి రెండు మార్పులే చేయండి, అప్పుడే దేనివల్ల ఎంత తగ్గిందో విడిగా తెలుస్తుంది.